కుడికంటి మీది కొమ్ము

మా మ్యూజియంలో ఆవిడ అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఇంకెక్కడా కనపడేది కాదు. అందరికీ అతుకులక్క. డైరెక్టరు దగ్గర్నుంచి గేటు దగ్గర టికెట్లు చింపేవాడి దాకా అందరూ అలాగే పిలిచేవారు, ఆవిడా అలాగే పలికేది. నేను స్టోరు కీపర్ని. మూడు వేల పైచిలుకు సొరుగులు, వాటి తాళాలు, వాటి రిజిస్టర్లు నా అధీనంలో ఉండేవి. ఆవిడ గదికీ నా గదికీ మధ్య ఒక గాజు తలుపు. ఇరవై ఆరేళ్ళు ఆ తలుపులోంచి ఆవిడ వంగిన వీపు చూస్తూ ఉద్యోగం చేశాను. ఆవిడ గురించి రాయడానికి నాకంటే తగినవాళ్ళు ఉంటారు. కానీ జరిగినదాంట్లో సగం తప్పు నాది కాబట్టి నేనే రాయాలి.

ఆవిడ మ్యూజియంలో అడుగుపెట్టింది ఎముకల కోసం కాదు, కర్టెన్ల కోసం. వాళ్ళాయన దర్జీ. నేను బావా అని పిలిచేవాణ్ణి. రెండు వీధుల అవతల కింద కొట్టు, పైన రెండు గదుల కాపురం. పెద్ద హాలు తెరలు చిరిగితే బాగుచేసే పని బావకి వచ్చింది. ఆయనకి కోట్లు కుట్టే పని ఊపిరి సలపనివ్వక పెళ్ళాన్ని పంపాడు. ఆవిడ మెట్ల మీద కూర్చుని రఫ్ఫు చేసింది. రఫ్ఫు అంటే చిరిగిన చోట అదే రంగు దారంతో, అదే నేతలో పోగు పోగూ అల్లి, అక్కడ చిరుగు ఉండేదన్న ఆనవాలే లేకుండా చేయడం. అప్పట్లో మా దగ్గర ఎముకలు శుభ్రం చేసే పెద్దాయన ఒకాయన ఉండేవాడు. చేతులు వణకడం మొదలై, తన తర్వాత ఎవరా అని దిగులుపడుతున్న రోజులవి. ఆయన తెరను కిటికీ వెలుతురుకి ఎత్తిపట్టి వెతికి వెతికి, "చిరుగు ఏదమ్మా?" అన్నాడు.

"కనపడకపోతేనే కదండీ పనైనట్టు," అంది అక్క.

వారం తిరిగేసరికి ఆయన బల్ల పక్కన రెండో కుర్చీ పడింది.

పని చెప్పుకోవడానికి తేలికే. రాయిలో ఇరుక్కున్న ఎముక వస్తుంది. దాన్ని భూతద్దం కింద పెట్టి, గాలితో కొట్టుకునే ఉక్కుసూదితో రాయిని రేణువు రేణువుగా ఊడగొట్టి, ఎముకను మాత్రం మిగల్చాలి. రాయి ఎక్కడ అయిపోయింది, ఎముక ఎక్కడ మొదలైంది అన్నది కంటికంటే ముందు వేలికి తెలియాలి. అక్క వేలికి తెలిసేది. నేను చేరకముందు మాట, నాలుగు నెలల్లోనే పెద్దాయన తన సూది ఆవిడ చేతిలో పెట్టి పక్కన కూర్చుని టీ తాగడం మొదలుపెట్టాడట.

ఒక్క విషయంలోనే ఆయన ఆవిడని కోప్పడేవాడు. విరిగిన ఎముకలో ముక్క లేకపోతే ప్లాస్టర్‌తో పూడ్చి రంగు వేస్తారు. ఆ రంగు ఎముక రంగుకంటే ఒక్క ఛాయ తక్కువ ఉండాలి. ఆరడుగుల దూరం నుంచి చూసేవాడికి అతుకు తెలియకూడదు, ఆరంగుళాల దూరం నుంచి చూసేవాడికి తెలిసి తీరాలి. అది మా పనిలో అన్నిటికంటే పెద్ద నియమం. "దగ్గరికొచ్చి చూసేవాణ్ణి మోసం చేయకూడదమ్మా. వాడు చదువుకోవడానికొస్తాడు," అనేవాడు పెద్దాయన. అక్క తలూపేది, ఒక ఛాయ తగ్గించి వేసేది, కానీ వేసిన ప్రతిసారీ మొహం చిన్నబుచ్చుకునేది. కొట్టులో మొగుడు నేర్పిన విద్యకీ ఇక్కడి విద్యకీ బొత్తిగా పొసగదు. సగం పని చేసి వదిలేసినట్టుంది తమ్ముడూ, అని నాతో చాలాసార్లు అంది.

మా మ్యూజియానికి పేరు వచ్చింది టైరనోసార్ల వల్ల. జనం టైరనోసార్ అనగానే ఒకటే అనుకుంటారు, ఆ పెద్ద నోరు, ఆ పొట్టి చేతులు. బడిపిల్లలు వస్తే అక్క తన గది గుమ్మంలో నిలబడి వాటిని సొంత చుట్టాలను పరిచయం చేసినట్టు చెప్పేది. "వీళ్ళ తాతముత్తాతలు మీ నడుమంత ఎత్తే ఉండేవాళ్ళు. చేతికి మూడేసి వేళ్ళు. ఒకాయనకి తల మీద పలచటి ఎముక తురాయి కూడా ఉండేది, ఎందుకో ఆయన్నే అడగాలి. తర్వాత ఒకావిడ బస్సంత పొడుగు, అయినా ఒళ్ళంతా ఈకలే. ఇంకో ఇంటివాళ్ళకి సన్నగా సాగిన మూతి, మూతి మీద వరసగా బుడిపెలు. ఆఖర్న వచ్చిన పెద్దాయనకి వేళ్ళు రెండే మిగిలాయి, కానీ నోట్లో పడ్డ ఎముక పిండైపోయేది. అందరిదీ ఒకటే ఇంటిపేరు. మొహాలే వేరు." పిల్లలు నవ్వుతూ వెళ్ళేవారు. వాళ్ళు వెళ్ళాక గదిలో మళ్ళీ సూది చప్పుడు.

నేను ఉద్యోగంలో చేరిన నాలుగో ఏట ఒక పెద్ద రాతి దిమ్మ వచ్చింది. అందులో ఒక టైరనోసార్ పుర్రె, ఒక కాలి ఎముక ఉన్నాయి. పుర్రె ఎడమ పక్క అంతా ఎవరికీ దొరక్కముందే ఎండకీ వానకీ కరిగిపోయింది. కుడి పక్క మాత్రం మచ్చలేకుండా ఉంది. అక్క పదకొండు నెలలు దాని మీదే పనిచేసింది. పెద్దాయన అప్పటికి పోయారు. పుర్రె మొత్తం బయటపడ్డాక చూస్తే కుడికంటికి కాస్త ముందు, పైన ఉండాల్సిన కొమ్ము విరిగిపోయి ఉంది. ఈ జంతువుల్లో చాలావాటికి అక్కడ చిన్న కొమ్ములాంటిది ఉంటుంది. దాని ఆకారం చూసి ఏ జాతో చెబుతారు.

అప్పటి డైరెక్టరుకి ఎముకల కంటే రిబ్బన్లు ఇష్టం. కొత్త హాలు ప్రారంభానికి ఎవరో పెద్దమనిషి వస్తున్నాడు, ఇంకా మూడు రోజులే ఉంది. డైరెక్టరు పుర్రె చుట్టూ రెండుసార్లు తిరిగి, "భయం వేయట్లేదే. కొమ్ము పెట్టమ్మా. వాడిగా ఉండాలి. ముందుకి వంగితే ఇంకా బాగుంటుంది. అతుకు ఎక్కడా కనపడకూడదు, ఫోటోలు తీస్తారు," అన్నాడు.

"ఒక ఛాయ తగ్గించాలండీ, నియమం," అంది అక్క.

"ప్రారంభం అయ్యాక తగ్గిద్దాం."

మూడు రోజుల్లో అక్క కొమ్ము పెట్టింది. ఆ మూడు రోజులూ ఆవిడ మొహంలో ఒక వెలుగు చూశాను, దాచడం ఎందుకు. చాలా ఏళ్ళ తర్వాత ఆవిడని పూర్తిగా పనిచేయనిచ్చారు. ఎముక మీదున్న సన్నటి పగుళ్ళు ప్లాస్టర్‌లోకి కూడా సాగాయి, రంగు ఒక్క వెంట్రుకవాసి కూడా తేడా లేదు. నేను భూతద్దం పెట్టి చూసి కూడా కనిపెట్టలేకపోయాను. రిజిస్టరులో 'కొత్తగా చేర్చిన భాగాలు' అన్న గడి దగ్గర నా పెన్ను ఆగింది. డైరెక్టరు, "తర్వాత రాద్దువుగాని," అన్నాడు. సరేనన్నాను. ప్రారంభం అయింది, గాజు పెట్టెకి సీలు వేశారు, కింద 'పిల్ల టైరనోసార్' అని పలక పెట్టారు. ఆ ఏడాది అక్క రెండుసార్లు పెట్టె తెరవమని అడిగింది. తర్వాత ఏడాది ఒకసారి అడిగింది. ఆ డైరెక్టరు వెళ్ళిపోయాడు, కొన్నాళ్ళకి లోకం నుంచే వెళ్ళిపోయాడు. ఆ గడి ఖాళీగానే ఉండిపోయింది. ఇరవై రెండేళ్ళు గడిచాయి.

అప్పుడొచ్చింది చిన్న డాక్టరమ్మ. వైద్యం డాక్టరు కాదు, ఎముకల చదువులో డాక్టరు. మనిషి ఇంతే ఉండేది, సంచి మాత్రం ఆవిడకంటే పెద్దది. ప్రపంచంలో ఉన్న టైరనోసార్ రకాలన్నిటినీ కొలిచి, ఎవరు ఎవరికి ఏమవుతారో తేల్చే పని పెట్టుకుంది. మా సొరుగులన్నీ తెరిపించింది. అక్క శుభ్రం చేసిన ఎముక చేతిలోకి తీసుకున్న ప్రతిసారీ ఆగి, "ఆంటీ, ఇలాంటి పని ఇంకెక్కడా చూడలేదు," అనేది. అక్క పొంగిపోయేది. మధ్యాహ్నం ఇద్దరూ ఒకే డబ్బాలోంచి తినేదాకా వచ్చింది స్నేహం. గాజు పెట్టెలోని పుర్రెను ఆ పిల్ల బయటినుంచే నాలుగు వారాలు చూసింది, ఫోటోలు తీసుకుంది. దానితో వచ్చిన కాలి ఎముక నా సొరుగులోనే ఉంది కాబట్టి, అనుమతి తీసుకుని దాన్ని కాగితమంత పలచగా ఒక ముక్క కోసింది.

ఒక సోమవారం పొద్దున్నే పరుగున వచ్చింది. నేను అక్క గదిలోనే ఉన్నాను.

"ఆంటీ, అది పిల్ల కాదు. పెరగడం అయిపోయిన జంతువే. చెట్టుకున్నట్టు ఎముకలో కూడా ఏటికో గీత పడుతుంది కదా. బయటి గీతలన్నీ ఒకదాన్నొకటి ఆనుకుని ఉన్నాయి. ఇక ఎదగదన్నమాట."

"అయితే ఏమిటమ్మా?"

"ఇంత చిన్నగానే ఆగిపోయిన టైరనోసార్ ఇంకోటి ఉంది. ఇదీ అదే రకమేమో అనుకున్నాను. కానీ దాని కంటిమీది కొమ్ము గుండ్రంగా బొడిపెలా ఉంటుంది. మనదాని కొమ్ము ముందుకి వంగి మొనదేలి ఉంది. అలాంటిది ఇంతవరకూ ఎక్కడా దొరకలేదు. ఇది కొత్త జాతి ఆంటీ."

అక్క గొంతు మామూలుగానే ఉంది. చేతిలో సూది మాత్రం ఎముక మీదనుంచి లేచి గాలిలోనే కొట్టుకుంటోంది. "అంతా ఆ కొమ్ము మీదే ఉందా?"

"పళ్ళ లెక్క, కాలి ఎముక చూస్తే అనుమానం వస్తుంది. కొమ్ముతో కలిస్తే రుజువు. శుక్రవారం ఆసుపత్రి స్కానింగులో పెట్టి లోపల కూడా చూస్తాను. ఇంకో మాట. కొత్త జాతికి పేరు పెట్టేది దాన్ని మొదట వర్ణించినవాళ్ళు. నేను మీ పేరు పెడుతున్నాను."

అక్క సూది ఆపి, గుడ్డ మీద పెట్టి, "నా పేరెందుకమ్మా," అంది.

"రాళ్ళలోంచి తీసినవాళ్ళ పేరు ఎవరూ పెట్టరు. నేను పెడతాను," అని ఆ పిల్ల అక్క భుజం పట్టుకుని ఊపి వెళ్ళిపోయింది.

తలుపు మూసుకుంది. స్కాను చూస్తే ప్లాస్టర్ అని తేటతెల్లంగా తెలిసిపోతుంది. అప్పుడు ఒక్క కొమ్ముతో ఆగదు. ముప్ఫై ఏళ్ళుగా అక్క చేతులమీదుగా బయటికి వెళ్ళిన ప్రతి ఎముకనూ, వాటిని నమ్మి ఎంతమంది ఏమేమి రాశారో వాటన్నిటినీ, ఇది నిజమా లేక ఆవిడ చేసిందా అని మళ్ళీ గీకి చూస్తారు. ఆ పిల్ల నాలుగేళ్ళ కష్టం నలుగురిలో నవ్వులపాలవుతుంది. ఒకవేళ స్కానులో ఎలాగో బయటపడకపోతే ఇంకా ఘోరం. లేని జంతువొకటి అక్క పేరు పెట్టుకుని పుస్తకాల్లో శాశ్వతంగా తిరుగుతుంది.

నేను పిరికివాణ్ణి, ఒప్పుకుంటున్నాను. "అక్కా, అడిగితే పాత డైరెక్టరు చేయించాడందాం. చేయించింది ఆయనే కదా. పోయినాయన వచ్చి కాదంటాడా," అన్నాను.

అక్క నావైపు చూసిన చూపు నాకు అర్థం కాలేదు. కోపం కాదు. నేను అసలు విషయం చుట్టుపక్కల ఎక్కడా లేనన్నట్టు చూసింది. "నీకు తెలిసింది రంగు ఒక్కటే తమ్ముడూ," అని సూది అందుకుంది.

మంగళవారం ఆవిడ ఒక పన్ను విరగ్గొట్టింది. అరచేతి వెడల్పున్న టైరనోసార్ పన్ను, సూది కింద రెండు ముక్కలైంది. నేను చేరాక ఆవిడ చేతిలో ఏదీ విరగడం అదే మొదటిసారి. ముక్కలను గుడ్డలో పెట్టి చీటీ రాసింది, విరిగిన చోటు, తేదీ, తన సంతకం అన్నీ వివరంగా. తర్వాత వెళ్ళి చేతులు కడుక్కుంది. గంటలో నాలుగుసార్లు కడుక్కుంది. హాలులోకి వెళ్ళి గాజు పెట్టె ముందు నిలబడి వచ్చేది, కాసేపటికి మళ్ళీ వెళ్ళేది. పుర్రెను భయపెట్టేలా తయారుచేయమన్నాడు కదా ఆ డైరెక్టరు. ఇన్నేళ్ళకి ఆ పని నెరవేరింది, భయపడింది మాత్రం చేసినావిడ.

బుధవారం సాయంత్రం ప్యాంటు పొట్టి చేయించుకునే వంకతో బావ కొట్టుకి వెళ్ళాను. బావ మెడలో టేపుతో, నోట్లో గుండుసూదులతో వెలిగిపోతున్నాడు. సూదులు తీసి చెప్పాడు.

"విన్నావా బావమరిదీ. మా ఆవిడ పేరు మీద రాక్షసబల్లి. ఇన్నాళ్ళూ నేనొక్కణ్ణే అలా పిలిచి తిట్లు తినేవాణ్ణి. ఇక లోకమంతా పిలుస్తుందట."

కొట్టులో ఇద్దరు ఖాతాదారులు నవ్వారు. వీధిలో అందరికీ చెప్పేశాడట, పక్క కొట్టువాడికి రెండుసార్లు చెప్పాడట. నేను నవ్వలేక దగ్గాను. "అక్క ఏది?"

"పైనుంది. రెండ్రోజులుగా తిండి లేదు, నిద్ర లేదు. సంతోషం ఎక్కువైతే అంతే దానికి. పెళ్ళైన కొత్తలో కూడా ఇంతే." ఆయన గొంతు కాస్త తగ్గించాడు. "నేనేమైనా తప్పు మాట్లాడానా? రాత్రి అడిగాను, నీకు గర్వంగా లేదా అని. నా చేతులు పట్టుకుని వీటిని ఎప్పుడైనా చూసి భయపడ్డావా అని అడిగింది. ఏమిటా మాట?"

మెట్లవైపు చూశాను. అక్క పైమెట్టు మీద కూర్చుని ఉంది, రెండు చేతులూ కొంగులో చుట్టుకుని. నన్ను చూసి కూడా దిగి రాలేదు. ప్యాంటు కొట్టులోనే మరిచిపోయి ఇంటికి వచ్చేశాను.

గురువారం గాజు పెట్టె సీలు కోశారు. పుర్రెను పెట్టెలోంచి తీసి పనిగదికి తేవడం అక్క వంతు. ఇంకెవరూ ముట్టుకోకూడదని డాక్టరమ్మే పట్టుబట్టింది. ఇసక దిండు పరిచిన ట్రాలీ మీద దాన్ని తెచ్చి, బల్ల మీదికి ఎత్తాలి. డాక్టరమ్మ కారిడార్లో ఆసుపత్రివాళ్ళతో ఫోనులో ఉంది. గదిలో అక్క, గాజు తలుపు ఇవతల నేను.

అక్క పుర్రెను ఎత్తింది. ఎత్తి, బల్ల మీద పెట్టకుండా, బల్ల అంచు దాటి కాస్త ఇవతల, ఖాళీలో పట్టుకుని ఆగిపోయింది. కుడి పక్క కిందికి ఉంది. కింద గచ్చు.

నాకు తెలిసిపోయింది. ఒక్క వేలు వదులైతే చాలు. కొమ్ము ముందు తగులుతుంది, పొడైపోతుంది, దానితో పాటు దవడా కన్నూ పోతాయి. ముసలి చేతులు, జారాయి అనుకుంటారు. అందరూ అయ్యో అంటారు. ఆ పిల్ల ఏడుస్తుంది కానీ నవ్వులపాలు కాదు. నా ఖాళీ గడిని ఎవరూ తెరిచి చూడరు. ఇదంతా రెప్పపాటులో నా బుర్రలో తిరిగింది, తిరిగి, నోరు తెరిచి ఒద్దక్కా అనాల్సిన నేను అనలేదు. జారితే బాగుండు అనుకున్నాను. ఇది రాయడానికి సిగ్గుపడుతున్నాను.

ఎంతసేపు అలా పట్టుకుందో నాకు తెలియదు. మెల్లగా ఒక అడుగు ముందుకేసి, పుర్రెను ఇసక దిండు మీద దించింది. దించాక రెండు చేతులూ దాని పక్కనే పెట్టుకుని, "తమ్ముడూ, అమ్మాయిని పిలువు. నువ్వూ రా," అంది.

డాక్టరమ్మ వచ్చేసరికి అక్క దూదిని రంగు కరిగించే ద్రావకంలో ముంచి సిద్ధంగా ఉంది. ఏమీ చెప్పకుండా కొమ్ము మీద రుద్దింది. దూదికి గోధుమరంగు అంటింది. రెండో దూది. మూడో దూదికి కింద తెల్లటి ప్లాస్టర్ బయటపడింది.

"ఇది నేను చేసిందమ్మా. ఇరవై రెండేళ్ళయింది. చీటీ పెట్టలేదు."

"రిజిస్టరులో రాయంది నేను," అన్నాను.

డాక్టరమ్మ ఆ దూదిని చేతిలోకి తీసుకుని చూసి, "మంచిదే ఆంటీ. ఇప్పుడే తెలిసింది. రాస్తున్న వ్యాసం ఆపేస్తాను. ప్లాస్టర్ తీసేస్తే కింద విరిగిన మొదలు ఉంటుంది కదా. ముందుకి వంగిందో, గుండ్రంగా ఉందో దాన్ని బట్టే చెప్పొచ్చు," అంది.

గండం గడిచిందనుకున్నాను. నిజంగా అనుకున్నాను. అక్క మాత్రం కుర్చీ చేతిని పట్టుకుని నిలబడింది. పలచటి కత్తిని వేడిచేసి, ప్లాస్టర్ మొదట్లో దూర్చి, ఒక్కసారిగా కొమ్మును ఊడదీసింది.

కింద ఎముక చదునుగా ఉంది. విరిగిన ఎముక అలా ఉండదు. అద్దంలా నున్నగా, ఒకే వైపుకి సన్నటి గీతలు, ఆకురాయి గీతలు.

"మొదలు వంకరగా విరిగి ఉండేది. ప్లాస్టర్ నిలబడేది కాదు. రేపు ప్రారంభమనగా సాయంత్రం ఆకురాయితో అరగదీశాను," అంది అక్క.

ఇది నాకు తెలియదు. ఇరవై రెండేళ్ళు గాజు తలుపు ఇవతల కూర్చున్నవాడికి తెలియదు. ప్లాస్టర్ పెట్టడం తప్పు, రంగు కలపడం తప్పు, కానీ అవి తీసేస్తే పోతాయి. ఆరున్నర కోట్ల ఏళ్ళకి పైగా రాయిలో చెక్కుచెదరకుండా ఉన్నదాన్ని ఆవిడ పది నిమిషాల్లో అరగదీసింది. ఎడమ పక్క లేదు. ఇలాంటి పుర్రె ఇంకోటి దొరకలేదు. ఆ జంతువు ఏ జాతో చెప్పగలిగిన ఒకే ఒక్క చోటు అది.

డాక్టరమ్మ వేలితో ఆ చదును మీద తాకింది. "ఎంత తీశారు?"

"చిటికెనవేలి గోరంత."

"ఆ పొడి?"

అక్క ఆమెవైపు కూడా చూడలేకపోయింది. "ఊడ్చేశానమ్మా."

ఆ పిల్ల అరిచి ఉంటే మా ఇద్దరికీ తేలికయ్యేది. అరవలేదు. నేల మీద చతికిలబడి, మోకాళ్ళు పట్టుకుని, చాలాసేపు పుర్రెవైపు చూస్తూ కూర్చుంది. తర్వాత లేచి స్కానింగు వద్దని ఆసుపత్రికి ఫోను చేసింది.

విచారణ జరిగింది. కొత్త డైరెక్టరు మంచివాడే. నాకు మెమో ఇచ్చాడు, అక్కని ఉద్యోగంలోంచి తీయలేదు. కానీ ఆవిడ బల్ల మీదికి ఆ తర్వాత ఎముక రాలేదు. బడిపిల్లల కోసం ప్లాస్టర్ నమూనాలు పోసే పని ఇచ్చారు. భయపడినట్టే సొరుగులన్నీ తెరిచారు, ఆవిడ అతికిన ప్రతి ఎముకా పరీక్షకి వెళ్ళింది. అన్నిటిలోనూ ఒక ఛాయ తక్కువే ఉంది. ఆ సంగతి చెప్పినప్పుడు అక్క తలూపింది, అంతే. బావకి తనే చెప్పింది. ఆయన వారం రోజులు కొట్టు తెరవలేదు. తెరిచాక వీధిలో ఎవరూ అడగలేదు, ఆయనా చెప్పలేదు.

నెల తర్వాత ఒక ఆదివారం డాక్టరమ్మ అక్క ఇంటికి వచ్చింది. వస్తున్నానని నాకు ముందే చెప్పింది, ఒక్కతే వెళ్ళడానికి జంకి నన్నూ రమ్మంది. పైగదిలో బావ కుర్చీలు వేసి కిందికి వెళ్ళిపోయాడు. ఆ పిల్ల సంచిలోంచి తెల్లకాగితం, పెన్సిలు తీసి బల్ల మీద పెట్టింది.

"ఆంటీ, పదకొండు నెలలు ఆ పుర్రె మీ చేతిలో ఉంది. అరగదీయకముందు ఆ మొదలు ఎలా ఉందో మీ వేళ్ళకి తెలుసు. గుర్తుతెచ్చుకుని గీయండి. శుభ్రం చేసినావిడ జ్ఞాపకం ప్రకారం అని రాసి పెడతాను. ఏమీ లేనిదానికంటే నయం. మీరు గీస్తే నేను నమ్ముతాను."

అక్క పెన్సిలు అందుకుంది. కళ్ళు మూసుకుంది. ఎడమచేతి వేళ్ళు గాలిలో ఏదో తడుముతున్నట్టు కదిలాయి. ఆవిడ పెదవులు బిగించి, నుదురు ముడిచి, దాన్ని తన ఒంట్లో ఎక్కడినుంచో లాగుతోంది. ఆ కాగితం మీద గీత పడితే ఆవిడ చేసింది కొంతైనా తిరిగొస్తుంది, ఆవిడకి కూడా అది తెలుసు. పెన్సిలు మొన కాగితాన్ని తాకింది. తాకి అక్కడే ఆగి, చిన్న నల్లచుక్క పెట్టింది.

ఆవిడ కళ్ళు తెరిచి పెన్సిలు కింద పెట్టేసింది.

"గీస్తే బాగానే వస్తుందమ్మా. చూసినవాళ్ళందరూ నమ్ముతారు. నేనూ నమ్ముతాను. అదే నా భయం."

డాక్టరమ్మ కాగితం మడిచి సంచిలో పెట్టుకుంది.